బీరువా తాళాలు తీయండి: వేసవి సెలవుల్లో మా ఊరి గ్రంథాలయం గురించి ఒక బహిరంగ లేఖ

జిల్లా గ్రంథాలయ సంస్థ పెద్దలకి, మా పంచాయతీ వాళ్లకి, మా పిల్లలకి పాఠాలు చెప్పే సార్లకి, మేడమ్‌లకి అందరికీ నమస్కారం అండీ.

నేను తెనాలి వైపు ఒక పల్లెలో, శాఖా గ్రంథాలయానికి సరిగ్గా ఎదురుగా టైలరింగ్ షాపు పెట్టుకుని పదకొండేళ్లయింది. జాకెట్లు, పిల్లల గౌన్లు, ఫాల్సు, పికో, ఇవీ నా పనులు. మిషన్ ముందు కూర్చుని తలెత్తితే కనపడేది గ్రంథాలయం తలుపే, అందుకని అది ఏ పూట తీశారు, ఏ పూట తీయలేదు, ఎవరొచ్చారు, ఎవరు తాళం చూసుకుని వెనక్కి పోయారు అన్నీ నా కళ్ల ముందే జరుగుతాయి. నేను మిమ్మల్ని అడగదల్చుకున్నది ఒక్కటే, వేసవి సెలవుల్లో ఆ తలుపు తీసి ఉంచండి, లోపల బీరువాల తాళాలు కూడా తీయండి. ఎందుకు ఇంతగా అడుగుతున్నానో చెప్తాను, కాస్త పెద్ద ఉత్తరమే, ఓపిగ్గా చదవండి.

పోయినేడు, 2025లో, ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులిచ్చి 12న బడి తెరిచారు. లెక్కేసుకుంటే 49 రోజులు. మా వీధిలో ఆ 49 రోజులు పిల్లలు ఎలా గడుపుతారో నాకు తెలుసు. డబ్బున్న వాళ్ల పిల్లలు గుంటూరులోనో విజయవాడలోనో ఏదో సమ్మర్ క్యాంపుకి పోతారు, లేదంటే వచ్చే క్లాసు పాఠాలు ఇప్పుడే మొదలుపెట్టే కోచింగులకి పోతారు. కొందరు అమ్మమ్మ వాళ్ల ఊరు పోతారు, అదృష్టవంతులు. మిగిలిన వాళ్లు, అంటే అమ్మానాన్నా ఇద్దరూ పొద్దున్నే పనికి పోయేవాళ్ల పిల్లలు, వీళ్లే మా ఊళ్లో ఎక్కువ, వీళ్లు ఊళ్లోనే ఉంటారు. పొద్దున కాసేపు క్రికెట్టు, పదకొండు దాటితే బయట వడగాలి, ఇక ఇంట్లో ఒక ఫోన్ చుట్టూ నలుగురు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోతే చెరువు. ఏటా ఎండాకాలం ఎక్కడో ఒక చోట చెరువులోనో, ఇసుక తవ్విన గుంటలోనో ఈతకి దిగి పిల్లలు పోయారని పేపర్లో వస్తూనే ఉంటుంది, ఆ వార్త చదివినప్పుడల్లా నాకు మా వీధి పిల్లల మొహాలే కనపడతాయి, చేతిలో కత్తెర ఆగిపోతుంది.

పోయినేడు సెలవులిచ్చిన రెండో రోజో మూడో రోజో అనుకుంటా, పొద్దున ఎనిమిదిన్నరకి ఐదుగురు పిల్లలు గ్రంథాలయం మెట్ల మీద కూర్చున్నారు. తాళం వేసుంది. తొమ్మిదైంది, పదైంది. అక్కడ పని చేసే మేడమ్ చాలా మంచావిడ, ఆవిడని ఒక్క మాట అననివ్వను, ఆవిడకి మా ఊరు కాక ఇంకో రెండు ఊళ్లు ఇన్‌ఛార్జి ఇచ్చారు, బస్సు మీద తిరగాలి, ఒకే మనిషి ఒకే పూట మూడు తలుపులు ఎలా తీస్తుంది. ఎండ మెట్ల మీదికొచ్చేసరికి పిల్లలు లేచి మా షాపు చూరు కిందికొచ్చారు. లోపలికి రండ్రా, ఫ్యాన్ ఉంది కదా అన్నాను. అలా మొదలైంది, ఆ సెలవులన్నీ మా షాపులోనే గడిచాయి, ఐదుగురు కాస్తా తొమ్మిదిమంది అయ్యారు.

మాకు ఒక అలవాటుంది. కొత్త మోడల్ జాకెట్టు అయితే గుడ్డ మీద ముందే కత్తెర పెట్టం, ఆది జాకెట్టు పెట్టుకుని పాత పేపరు మీద కటింగ్ తీసుకుని చూసుకుంటాం. ఆ రోజు అట్లాగే ఒక పేపరు కట్ చేస్తున్నా. మా పక్కింటి పిల్లాడు, ఐదో తరగతి, కింద కూర్చుని నేను కత్తిరించిన ముక్క చేతిలోకి తీసుకున్నాడు. దాని మీద పెద్దక్షరాలతో "పులిచింతలకు పెరిగిన వ" అని ఉంది, అక్కడ చంక రౌండ్ వచ్చి కత్తెర తిరిగిపోయింది, మిగతా అక్షరాలు వేరే ముక్కలోకి పోయాయి.

"పిన్నీ, పెరిగిన వ... ఏంటి?" అన్నాడు.

"నాకేం తెలుసురా, నువ్వే చెప్పు" అన్నా.

"వర్షం" అన్నాడు. వాడి చెల్లెలు మూడో తరగతి, "కాదు, వరి" అంది. "పులిచింతలకు వరి పెరగటం ఏంటే" అని ఇంకోడు. "వంద అయి ఉంటుంది, వంద అడుగులు పెరిగిందేమో" అన్నాడు మరొకడు. పావుగంట కొట్టుకున్నారండీ ఆ ఒక్క అక్షరం మీద. వ కి ఏమేం కలుస్తుందో, ఏది కలిస్తే ఆ మాటకి అర్థం వస్తుందో, ఏది రాదో. చివరికి మిషన్ కింద ముక్కల బుట్ట మొత్తం నేల మీద బోర్లించి, చేతి ముక్కలో దొరికించుకున్నారు, "రద" అని. వరద! ఆ పిల్ల అరిచిన అరుపుకి కస్టమర్ ఒకావిడ ఉలిక్కిపడింది. అక్కడితో ఆగలేదు. పులిచింతల అంటే ఎక్కడ, అక్కడ పులులుంటాయా, అక్కడ వరదొస్తే మనకి నీళ్లొస్తాయా అని నా మీద పడ్డారు. కృష్ణ మీద నాగార్జునసాగర్‌కి దిగువన, ప్రకాశం బ్యారేజీకి ఎగువన పులిచింతల ఉంటుంది, మన కాలువలకి నీళ్లు బ్యారేజీ నుంచి వస్తాయి, ఇంతవరకు నాకు తెలుసు, చెప్పాను. మ్యాప్‌లో చూపించమన్నారు. మ్యాప్ నా దగ్గర ఎక్కడుంది? గ్రంథాలయం గోడకి ఉంది. పిల్లలు పరిగెత్తి వెళ్లి కిటికీ ఊచల్లోంచి చూశారు, మ్యాప్ కనపడుతోంది గానీ అంత దూరం నుంచి అక్షరాలు కనపడవు. తిరిగొచ్చారు.

ఆ కిటికీ దగ్గర నుంచి తిరిగొస్తున్న పిల్లల్ని చూసిన రోజే మీకు ఈ ఉత్తరం రాయాలనుకున్నాను, ఇన్నాళ్లకి కుదిరింది.

మర్నాటి నుంచి అదో ఆట అయిపోయింది. నేను కావాలనే హెడ్డింగుల మధ్య నుంచి కత్తిరించి ఇచ్చేదాన్ని, వాళ్లు మిగతాది ఊహించి రాసేవాళ్లు, తర్వాత అసలు ముక్క వెతుక్కుని కలిపి చూసుకునేవాళ్లు. మూడో తరగతి పిల్ల ఏప్రిల్లో అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేది, జూన్‌కల్లా వాక్యం మొత్తం ఒక్క గుక్కలో చదివేస్తోంది. నేను టీచర్‌ని కాదు, పది పాసయ్యి కుట్టుపని నేర్చుకున్న మనిషిని. ఆ పిల్లకి నేను ఒక్క పాఠం కూడా చెప్పలేదు. చదవాలనే కోరిక పుట్టే పని ఒకటి దొరికింది, రోజూ చదవడానికి కాగితం ముక్క దొరికింది, అంతే.

సెలవుల్లో చదువు ఎలా జారిపోతుందో మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఇది నాకు ఇంత పట్టింపు. 2020 మార్చిలో కరోనాకి బడులు మూసేసినప్పుడు మా వాడు రెండో తరగతి. అప్పటికే బాగా చదివేవాడు. నెలల తరబడి బడి లేదు, మాకు పని లేక ఇల్లు గడవటమే కష్టంగా ఉంది, వాడి పుస్తకం ఎవరం పట్టించుకోలేదు. మళ్లీ బడికి పోయేటప్పటికి ఒత్తులు పోయాయి. "పుస్తకం" అని ఉంటే "పుసకం" అని చదివి, తప్పు అని వాడికే తెలిసి, నా మొహం వంక చూసేవాడు. ఆ చూపు నేను మర్చిపోలేను. తర్వాత నేర్చుకున్నాడు, ఇప్పుడు బాగానే చదువుతున్నాడు, కానీ ఆ ఏడాదంతా క్లాసులో వెనక కూర్చుని నోరెత్తేవాడు కాదు. 49 రోజులు అంత పెద్ద గ్యాప్ కాదులే అనుకోవచ్చు, కానీ ఇప్పుడిప్పుడే చదవటం పట్టుబడుతున్న ఆరేడేళ్ల పిల్లకి ఏడు వారాలు అక్షరం కంటపడకపోతే చాలా ఎక్కువేనండి. జూన్‌లో మేడమ్‌లు మొదటి నెలంతా పాతదే మళ్లీ చెప్పుకుంటూ కూర్చోవాల్సి వస్తోందని వాళ్లే నా షాపుకొచ్చి చెప్తారు.

అలాగని సెలవుల్లో క్లాసులు పెట్టమని నేను అడగట్లేదు, దయచేసి ఆ పని మాత్రం చేయకండి. ఏడాదంతా బెంచీ మీద కూర్చున్న పిల్లల్ని ఎండాకాలం కూడా బెంచీ మీదే కూర్చోబెట్టి ఐఐటీ ఫౌండేషన్ అని రుద్దుతుంటే ఆ పిల్లల కళ్లల్లో కళ పోతుంది, నేను కొలతలు తీసుకునేటప్పుడు దగ్గరగా చూస్తాను కదా, ఎనిమిదో తరగతికే మెడ వంగిపోయి ఉంటుంది కొందరికి. సెలవు అంటే సెలవే, ఆడాలి, నిద్ర పోవాలి, ముంజెలు తినాలి, మామిడికాయ దొంగతనం కూడా చేయాలి. చదువు ఆటలో కలిసి రావాలి అంతే.

ఎలా కలుస్తుందో ఇంకొక్కటి చెప్తాను, ఇది కూడా షాపులో జరిగిందే. ఆరో తరగతి కుర్రాడొకడు లెక్కల్లో భిన్నాలంటే భయపడతాడు, వాళ్లమ్మే చెప్పింది. వాడు ఖాళీగా కూర్చోలేక నా టేపు తీసుకుని అందరి చేతులూ కాళ్లూ కొలిచేవాడు. టేపుకి ఒక పక్క 60 అంగుళాలు, రెండో పక్క 150 సెంటీమీటర్లు ఉంటాయి. ఇట్నుంచి కొలిస్తే ఒక నంబరు, అట్నుంచి కొలిస్తే ఇంకో నంబరు ఎందుకొస్తోందని అడిగాడు. నువ్వే చూడు అన్నా. అరగంటలో వచ్చి "అక్కా, ఒక అంగుళంలో రెండున్నర సెంటీమీటర్లు ఉన్నాయి" అన్నాడు. రెండున్నర కన్నా ఒక్క పిసరు ఎక్కువ అని నేను చెప్పా. ఇక జాకెట్టు కటింగ్ చూపించా. ఛాతీ 36 అనుకో, పేపరు నాలుగు మడతలు కదా, నాలుగో వంతు ఎంత? తొమ్మిది. కుట్టుకి ఒకటిన్నర కలుపు. పదిన్నర. మరి 34 అయితే? వాడు వేళ్ల మీద లెక్కేసి, కాసేపు ఆగి, "ఎనిమిదిన్నర, ఒకటిన్నర కలిపితే పది" అన్నాడు. అది భిన్నాల లెక్కే అని వాడికి ఎవరూ చెప్పలేదు, వారం తర్వాత వాడే కనిపెట్టి, "ఇదీ అదీ ఒకటే కదక్కా" అన్నాడు. గజం ఎంత మీటరు ఎంత, మనం గజం లెక్కన అడిగితే కొట్టువాడు మీటరు లెక్కన ఇస్తే గుడ్డ ఎంత మిగులుతుంది, ఇవన్నీ వాళ్లమ్మకి లెక్క చెప్పడం మొదలెట్టాడు.

ఇలాంటివి ప్రతి ఇంట్లో ఉంటాయి. ఆవకాయ పెట్టే ఇంట్లో కొలతలన్నీ ఉంటాయి, ఎన్ని కాయలకి ఎంత కారం ఎంత ఆవపిండి ఎంత ఉప్పు అని పిల్లలతో గిన్నెలతో కొలిపిస్తే చాలు. వామనగుంటల్లో చింతపిక్కలు పంచటంలో లెక్కలు ఉన్నాయి, అష్టాచమ్మాలో ఎత్తులున్నాయి. కొబ్బరాకు బూరలు చేయటం, తాటికాయలతో బండి చేయటం మా మామగారు నేర్పుతారు, ఆయన్ని కూర్చోబెట్టి అడిగే పిల్లలు ఉండాలి గానీ. పిల్లలూ ఉన్నారు, చెప్పేవాళ్లూ ఉన్నారు, వీళ్లిద్దరూ కలిసే చోటు ఒకటి కావాలి. నా షాపు పదడుగులు బై పన్నెండడుగులు, రెండు మిషన్లు, తొమ్మిదిమంది పిల్లలు కూర్చుంటే కస్టమర్ నిలబడాల్సిందే. ఎదురుగా గ్రంథాలయంలో పెద్ద హాలు, నాలుగు బల్లలు, రెండు ఫ్యాన్లు, ఐదు బీరువాల పుస్తకాలు.

మే నెల మొదటి వారంలో ఇంకోటి జరుగుతుంది, చాలామందికి తెలీదు, మా వాడు బళ్లో విని వచ్చి చెప్పాడు. ఒక రోజు మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికొస్తాడు, నిటారుగా నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. కర్కాటక రేఖకీ మకర రేఖకీ మధ్యనున్న ఊళ్లన్నిటికీ ఏడాదికి రెండుసార్లు అలా వస్తుందంట, మన వైపు మే 5, 6 ప్రాంతంలో ఒకసారి, మళ్లీ ఆగస్టులో ఒకసారి, హైదరాబాద్ కాస్త ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ మే 9 దగ్గర. ఆగస్టులో మబ్బులుంటాయి, మేలో అయితే బాగా కనపడుతుంది, అది సరిగ్గా సెలవుల్లోనే. పోయినేడు పన్నెండు గంటలకి నెత్తిన తుండుగుడ్డలు కప్పుకుని పిల్లలందరూ మా డాబా ఎక్కారు, దారం కండెల ఖాళీ గొట్టం ఒకటి నిలబెట్టారు. పన్నెండు దాటాక నిమిషం నిమిషానికి దాని నీడ కుదించుకుపోయి, కుదించుకుపోయి, గొట్టం కిందికి దూరిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. మూడో తరగతి పిల్ల తన కాళ్ల చుట్టూ తను చూసుకుని, "నా నీడ ఏదీ?" అని చిన్నగా అడిగింది. పది నిమిషాల్లో కిందికి దింపేశాను ఎండకి, మజ్జిగ తాగించాను. ఆ రోజు సాయంత్రం వాళ్లు అడిగిన ప్రశ్నల్లో సగానికి నాకు జవాబు రాలేదు. సూర్యుడి మీద, భూమి మీద బొమ్మల పుస్తకాలు గ్రంథాలయంలో రెండో బీరువాలో పై అరలో ఉన్నాయని నాకు తెలుసు, అద్దంలోంచి కనపడతాయి. తాళం ఉంది.

తాళం ఎందుకు అని ఒకసారి మేడమ్‌ని అడిగాను. పుస్తకాలు పోతే, చిరిగితే తన జీతంలోంచి కడతాననే భయం ఆవిడకి, ఆడిట్‌లో అడుగుతారు. ఆవిడ భయంలో తప్పు లేదు. కానీ మీరు పైనుంచి ఒక మాట రాసి ఇవ్వండి, పిల్లలు చదివి చిరిగిన పుస్తకానికి సిబ్బందిని డబ్బు అడగబోము అని. పదేళ్లు బీరువాలో ఉండి చెదలు తిన్న పుస్తకాన్ని ఎవరూ అడగరు, పిల్లాడి చేతిలో నలిగిన పుస్తకాన్ని అడుగుతారు, ఇది సరి కాదు కదండీ. చిరిగినవి నాకివ్వండి, అట్టలు కుట్టి ఇస్తాను, మందపాటి దారం, సూది నా దగ్గరే ఉన్నాయి, పైసా వద్దు.

మన ప్రాంతానికి గ్రంథాలయం అంటే చిన్న విషయం కాదు, ఇది నేను మీకు చెప్పాల్సిన పని లేదు. ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ మొట్టమొదట జరిగింది 1914లో బెజవాడలో, అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటి వాళ్లు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. వేటపాలెం సారస్వత నికేతనం 1918లో పుట్టింది, 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి పునాదిరాయి వేశారు, ఇప్పటికీ పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. నాకు అన్నిటికంటే ఇష్టమైంది మా కాలువ మీద జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు ఒక పడవలో పుస్తకాలు పెట్టించి పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువ మీద నడిపించారు, గట్టున ఉన్న ఊళ్ల వాళ్లు పడవ దగ్గరికొచ్చి పుస్తకాలు తీసుకునేవాళ్లు. కరెంటు లేదు, సరైన రోడ్డు లేదు, చదువొచ్చినవాళ్లే తక్కువ, అయినా పుస్తకమే మనిషి దగ్గరికి పోయింది. తొంభై ఏళ్ల తర్వాత ఇప్పుడు మనిషి పుస్తకం దగ్గరికొచ్చి మెట్ల మీద కూర్చుంటే మనం తలుపు తీయలేకపోతే ఎలా. ఇది ఆలోచించినప్పుడల్లా నాకు బాధగా ఉంటుంది, దాచుకోను.

డబ్బు లేదంటారని తెలుసు. కానీ మేమందరం కడుతున్నామండీ. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను. పూరింటివాళ్లూ కడతారు, డాబా ఉన్నవాళ్లూ కడతారు. పంచాయతీ పెద్దలకి నా విన్నపం, వసూలైన ఆ 8 పైసలు గ్రంథాలయ సంస్థకి జమ చేయండి, ఎంత వసూలు చేశారు, ఎంత జమ చేశారు, పాత బాకీ ఎంత అని ఒక చిన్న కాగితం గ్రంథాలయం గోడకి అంటించండి. ఎవరినో నిలదీయటానికి అడగట్లేదు. అది మా పిల్లల పుస్తకాల డబ్బు కాబట్టి అడుగుతున్నా.

సంస్థ వాళ్లు ఏటా వేసవి విజ్ఞాన శిబిరాలు పెట్టమని సర్క్యులర్ పంపుతారు, చాలా మంచి పని, కొన్ని ఊళ్లల్లో నెల పైన చక్కగా నడుపుతారని విన్నాను. మాకు దగ్గర్లో ఒకచోట మాత్రం మూడు రోజులే జరిగింది. మొదటి రోజు బ్యానర్ కట్టారు, పెద్దలొచ్చారు, పిల్లలకి బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చి ఫొటోలు తీశారు. రెండో రోజు ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చి కథ చెప్పారు, కాకి గొంతు, నక్క గొంతు అన్నీ పెట్టి చెప్పారంట, మా చుట్టాల పిల్ల ఇప్పటికీ ఆ నక్క గొంతు అనుకరిస్తుంది. మూడో రోజు బొమ్మలు వేయించారు. నాలుగో రోజు పిల్లలు కలర్ పెన్సిళ్లు పట్టుకుని వెళితే తాళం. ఐదో రోజు కూడా కొందరు వెళ్లారు. ఆరో రోజు ఎవరూ వెళ్లలేదు. పిల్లలు ఒక్కసారి నమ్మకం పోగొట్టుకుంటే మళ్లీ రారండీ, అందుకే బ్యానర్ లేకపోయినా పర్లేదు, గెస్టులు రాకపోయినా పర్లేదు, బిస్కెట్లు కూడా వద్దు, రోజూ ఒకే టైముకి తలుపు తెరవండి చాలు.

టైము గురించి కూడా చెప్తాను. మాకు ఉదయం ఎనిమిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు. ఉదయం టైము పిల్లలకి బాగుంటుంది, ఎండ ముదరకముందే వచ్చి పోతారు, కానీ పదకొండింటికి తలుపేస్తే సరిగ్గా ఎండలో రోడ్డెక్కుతారు. ఈ ఏడు వారాలు మాత్రం పొద్దున ఏడున్నరకే తీసి పదిన్నరకి పంపించేయండి, లేదంటే మధ్యాహ్నమంతా ఉంచండి, మంచినీళ్ల కుండ ఒకటి పెట్టండి. సెలవుల్లో శుక్రవారం కూడా తీస్తే ఇంకా మంచిది. ఇన్‌ఛార్జి మేడమ్‌కి మూడు ఊళ్లు తిరిగే పని ఉంటే, ఆ ఏడు వారాలకి ఊళ్లో డిగ్రీ చదివే అమ్మాయిల్లో ఒకరిని కాస్త గౌరవ వేతనం ఇచ్చి కూర్చోబెట్టండి, వాళ్లకీ సెలవులే, వాళ్లకీ ఖర్చులకి డబ్బులొస్తాయి. పుస్తకం ఇంటికివ్వటానికి డిపాజిట్ అడిగితే కూలికి పోయే అమ్మ ఇవ్వదు, పిల్లాడు అడగడు కూడా. బడిలో చదివే ప్రతి పిల్లాడికీ హెడ్మాస్టరు గారి సంతకం మీద పుస్తకం ఇవ్వండి. పోయే పుస్తకాలు కొన్ని పోతాయి, పోనీయండి, ఏదో ఒక ఇంట్లోనే కదా ఉంటాయి.

సార్లకీ మేడమ్‌లకీ ఒక మాట. హాలిడే హోంవర్క్ అని ఎక్కాలు పదిసార్లు, చేతిరాత పేజీలు నలభై ఇచ్చి పంపిస్తారు, పిల్లలు అవన్నీ జూన్ 10, 11 తారీకుల్లో రాత్రి పూట నిద్రకళ్లతో గీకేస్తారు, వాళ్లమ్మలు కూడా కూర్చుని రాస్తారు, నేను కూడా మా వాడికి రాశాను ఒక ఏడాది. వాటి బదులు ఒక్క పని ఇవ్వండి: సెలవుల్లో నీకు నచ్చిన ఒక పుస్తకం చదివి జూన్‌లో వచ్చి క్లాసులో చెప్పు అని. రాయక్కర్లేదు, చెప్తే చాలు. లేకపోతే మీ తాతనో నాయనమ్మనో ఒక కథ అడిగి తెలుసుకుని రా అని. మా మామగారికి 1977 ఉప్పెన గురించి చెప్పమంటే గంట చెప్తారు, నవంబర్ 19న దివిసీమ మీద పడ్డ ఆ రాత్రి గురించి, తర్వాత తను బియ్యం మూటలు మోసుకుని సాయానికి పోయిన సంగతి గురించి. మా వాడు ఏ పాఠమూ విననంత శ్రద్ధగా విన్నాడు అది, మధ్యలో అన్నం కూడా తినలేదు.

నాతోటి అమ్మలకి కూడా చెప్తున్నా, మీరూ నేనూ పొద్దున్నుంచి రాత్రి దాకా పని చేసి అలిసిపోతాం, కూర్చుని చదివించే ఓపిక ఉండదు, నాకూ ఉండదు. కానీ పిల్లాడు పుస్తకం తెచ్చుకుని ఏదో చదువుతుంటే "ఆ కథల పుస్తకాలు ఎందుకు, లెక్కలు చేసుకో" అనకండి. సినిమా పేజీ చదివినా చదవనివ్వండి, క్రికెట్ స్కోర్లు చదివినా చదవనివ్వండి. చదువు రాని అమ్మ అయితే మరీ మంచిది, "నాకు చదివి వినిపించరా" అని అడగండి, మీరు కూరగాయలు తరుక్కుంటూ వినండి. అమ్మకి చదివి వినిపించే పిల్లాడు ఎంత గర్వంగా చదువుతాడో మా వీధిలో చూశాను, రాని మాట వచ్చినా ఆగడు, ఎలాగోలా దాటేసి ముందుకి పోతాడు, రెండో రోజుకి ఆ మాట కూడా వచ్చేస్తుంది.

సంస్థ పెద్దలూ, మా ఊరి నుంచి మేము చేయగలిగింది కూడా చెప్తాను, మీరు తలుపు తీస్తే చాలు మిగతాది ఎలా అనుకోవద్దు. పోస్టాఫీసులో పని చేసి రిటైరైన బాబాయిగారు సోమవారం వచ్చి ఉత్తరం ఎలా రాయాలో, మనియార్డరు ఫారం ఎలా నింపేవాళ్లో చెప్తానన్నారు. మా మామగారు తాటాకు బొమ్మలు. మెడికల్ షాపు తమ్ముడు పిల్లలకి బిళ్ల మీద తేదీలు చూడటం నేర్పుతానన్నాడు. నేను గురువారం టేపు, కత్తెర, పాత పేపర్లు తెస్తాను, గుడ్డ ముక్కలు సంచుల కొద్దీ ఉన్నాయి, బొమ్మలు కుట్టటం నేర్పుతాను, మగపిల్లలకి కూడా, గుండీ కుట్టుకోవటం ఎవరికైనా రావాలి. కిందటి సారి వచ్చిన తొమ్మిదిమంది పిల్లల అమ్మలతో మాట్లాడాను, ఏ రోజు ఏ అమ్మ కాపలాగా కూర్చోవాలో కూడా అనుకున్నాం.

మీ దగ్గర్నుంచి ఏ ఆర్డరు రావాలో, ఎవరు సంతకం పెట్టాలో నాకు తెలీదు. ఎవరి దగ్గరికి రమ్మంటే వాళ్ల దగ్గరికి వస్తాం, పిల్లల్ని కూడా తీసుకొస్తాం. తలుపు తాళం ఒకటి ఊళ్లో ఎవరి దగ్గరైనా ఉంచవచ్చంటే పంచాయతీ ఆఫీసులో ఉంచండి, లేదంటే నా దగ్గర ఉంచండి, రాసిచ్చి తీసుకుంటాను, పొద్దున ఏడున్నరకి నా షాపు ఎలాగూ తీస్తాను, రోడ్డు దాటితే మీ తలుపే. పేపరు ముక్కల బుట్ట నిండింది, ఈసారి హెడ్డింగులన్నీ జాగ్రత్తగా మధ్యకి కత్తిరించి పెట్టాను. ఆ చిన్న పిల్ల ఇప్పుడే షాపు ముందు నుంచి పోతూ అడిగింది, "పిన్నీ, ఈసారి లోపలేనా?" అని. ఏం చెప్పమంటారో చెప్పండి, సెలవులివ్వకముందే చెప్పండి.

ఇట్లు,
గ్రంథాలయం ఎదురు షాపు టైలర్